నాన్న పిన్

గంట నుంచీ లోగో తిరుగుతూనే ఉంది. ఇది నాన్న టాబ్లెట్. ఆయనకిచ్చేముందు బూట్‌లోడర్ అన్‌లాక్ చేసింది నేనే. ఆయన పోయాక, అమ్మకి వీడియో కాల్స్‌కైనా పనికొస్తుందని నిన్న కొత్తగా లీనియేజ్‌ఓఎస్ వేశాను. పాత డేటా చెరపకుండా వేయడమే తప్పు. వేరే సిస్టమ్ ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాని ఇది చదవలేదు, అందుకే బూట్ పూర్తవదు. మందు తెలుసు: రికవరీలోకి వెళ్ళి డేటా ఫార్మాట్ చేయడం.

చెయ్యి రావట్లేదు. పాత సిస్టమే మళ్ళీ వేస్తే లేస్తుందేమో గానీ, పిన్ అడుగుతుంది. పెళ్ళిరోజు, నా పుట్టినరోజు (ఎంత ఆశో!) అన్నీ అయిపోయాయి.

దొంగ చేతిలో పడినా లోపలిది బయటపడకూడదనే ఈ ఏర్పాటు. దానికి కొడుకూ దొంగా ఒకటే. మొదట కోపమొచ్చింది, తర్వాత అనుమానం. చెప్పాలనుకుంటే, మూడు నెలలు మంచంలో ఉన్న మనిషి నాలుగంకెలు చెప్పలేడా? నేనే అడగలేదా? ఆస్తికి వారసుణ్ణి సరే, ఆయన గుట్టుకి కూడానా? చదవలేనిదాన్ని చెరిపేయడం ఆయన్ని గౌరవించడమా, నా పని సులువు చేసుకోవడమా?

“ఇంకా తిరుగుతూనే ఉందేంట్రా?” వంటింట్లోంచి అమ్మ.