వోడ్కా లేని బ్లడీ మేరీ

టమాటా రసం, వోడ్కా, నిమ్మరసం, ఉప్పు, మిరియాల పొడి, కొన్ని చుక్కల టబాస్కో, వూస్టర్‌షైర్ సాస్. బ్లడీ మేరీకి ఇవి చాలు. ఫెర్నాండ్ పెటియో అనే బార్‌టెండర్ 1934లో న్యూయార్క్‌లోని సెయింట్ రెజిస్ హోటల్లో చేరాక దానికి కారం, మసాలా దట్టించాడు.

పంచశీలం పాటించే బౌద్ధుడు ఇంట్లో ఈ గ్లాసు కలపవచ్చా? ఐదో శీలం మద్యం వద్దంటుంది. ఏమరుపాటుకు అది మూలమన్నదే కారణం. మరి ఏమరుపాటు రానంత కొద్దిగా తాగితే? భిక్షువు దర్భ కొనకు అంటినంత తాగినా దోషమేనంటుంది వినయ పిటకం. గృహస్థుకూ ఆ పట్టుదలే మేలు. ఎంత తాగితే ఏమరుపాటు వస్తుందో తేల్చాల్సిన బుద్ధే ముందుగా మసకబారుతుంది.

వోడ్కా మానేస్తే అది వర్జిన్ మేరీ. రుచికి లోటేమీ ఉండదు.

శాకాహారం పాటించే బౌద్ధుడికి మాత్రం ఇంకో చిక్కు ఉంది. సంప్రదాయ వూస్టర్‌షైర్ సాస్‌లో మన చింతపండుతో పాటు ఆంకోవీ చేపలూ ఊరతాయి. బౌద్ధంలో కర్మకు మూలం సంకల్పం. తెలియక తాగిన శాకాహారిని తప్పుపట్టలేం. తెలిశాక ఆ మినహాయింపు ఉండదు. చేప లేని సాస్‌లూ దొరుకుతున్నాయి. కొనేముందు సీసా మీది దినుసుల జాబితా చదవండి.