ఉడుముకు సేవ చేయవచ్చునా?

వేముల గుట్ట దగ్గర పిడుదులు పట్టి కదల్లేక పడివున్న ఉడుమును ఒక బాలుడు ఇంటికి తెచ్చాడు. పట్టకారుతో ఒక్కొక్క పిడుదునూ తీసి, ఎండపొడలో ఉంచి, నీళ్లు పట్టాడు. "ఈ సేవ ఏ ముసలివారికో చేయకూడదా నాయనా?" అంది అవ్వ.

ఆమె మాట తోసివేయదగినది కాదు. జంతువులను ప్రేమించవచ్చు గాని మనుషులకే చెందవలసిన ప్రేమను వాటికి మళ్లించరాదని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం 2418వ పేరాలో చెబుతున్నది. వాటిని అనవసరంగా బాధించడమూ తప్పేనంటున్నది. మరి వీడు ఎవరి పాలూ లాగుకోలేదు. తన ఆటవేళను ఇచ్చాడు, అంతే.

చిక్కు తర్వాత వచ్చింది. కోలుకున్నదాన్ని పెంచుకుంటానన్నాడు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. (కూర కోసం అడిగినవారూ లేకపోలేదు!) రెండు రోజులు వాడు సరిగా అన్నం ముట్టలేదు.

అటవీశాఖవారికి అప్పగించిన దినాన దానికి చివరిసారి నీళ్లు పట్టింది అవ్వే.