మహానసము, మీటరు, ఋణము

తెలుగువాడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించుచు, కొండపై లేచు పొగను జూచి అక్కడ నిప్పు గలదని నిశ్చయించు అనుమానమునకు దృష్టాంతముగా మహానసమును, అనగా మన వంటయింటినే, గ్రహించెను. పొగ యున్నచోట నిప్పుండునను వ్యాప్తిని మనుష్యుడు నిత్యము చూచి నేర్చుకొను తావు అంతకంటె వేఱొకటి లేదు. అయితే నిప్పున్నచోట నెల్ల పొగ యుండి తీరవలెనని తలచువానిని ఆ గ్రంథమే ఆపి, ఎఱ్ఱగా కాలిన యినుపగుండును చూపుచున్నది: అందు నిప్పు గలదు, తడికట్టెతోడి సంయోగము లేదు, కావున పొగయు లేదు. నేడు మేడ్చల్, శామీర్పేట ప్రాంతముల అపార్టుమెంట్లలో గొట్టపు గ్యాసుతో వెలుగు ప్రతి పొయ్యియు ఆ యినుపగుండు కోవకు చెందినదే. నీలిమంట గలదు, పొగ లేదు, బూడిద లేదు, మూల పేర్చిన కట్టెలు లేవు, తరిగిపోవు సిలిండరు బరువు సైతము లేదు. ఎంత మండెనో తెలుపు గుఱుతులన్నియు తొలగిపోయిన యీ నిప్పునకు మనము ఎవరికెంత బాకీపడితిమో ఏ ప్రమాణముచేత తెలిసికొందుము? రెండు నెలలకొక మాఱు ఇంటికి వచ్చు బిల్లు వెనుక నున్న ప్రశ్న యిది. ఋణమును ధర్మవిషయముగా భావించిన జాతికి ఇది చిన్న ప్రశ్న కాదు.

వాయువు వచ్చు త్రోవను కొంత చెప్పవలెను. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలు కలిసి 2003లో స్థాపించిన భాగ్యనగర్ గ్యాస్ లిమిటెడ్ వారి మదర్ స్టేషను శామీర్పేటలో నున్నది. కృష్ణా గోదావరి సముద్రగర్భమున డి6 క్షేత్రమునుండి 2009 ఏప్రిలులో వాయువు వెలువడుటయు, కాకినాడ చేరువ గాడిమొగనుండి గుజరాతులోని భరూచ్ వఱకు సుమారు 1,400 కిలోమీటర్లు సాగు గొట్టపుమార్గము తెలంగాణము మీదుగా పాఱుటయు జరిగిన పిమ్మటనే యీ ప్రాంతపు వంటిండ్లకు గొట్టపు గ్యాసు అందు అవకాశము కలిగెను. పసుపుపచ్చని పాలిథిలీను గొట్టములలో వీధులక్రింద నడచి, రెగ్యులేటర్లచే మెట్టుమెట్టుగా ఒత్తిడి తగ్గి, పొయ్యిని చేరునప్పటికి దాని పీడనము వాతావరణపీడనముకంటె ఇరువదియొక్క మిల్లీబారు మాత్రమే అధికము. దానికి రూపము లేదు, వాసనయు లేదు. మనము పసిగట్టు ఘాటైన వాసన, లీకును తెలుపుటకై కలిపిన మెర్‌కాప్టను అను గంధకద్రవ్యముది. గంధము పృథివికే గుణమనియు, గాలిలో తోచు పరిమళము గాలిది కాక అందు చేరిన పార్థివాంశలదనియు వైశేషికులు చెప్పిన మాట రసాయనశాస్త్రపు లెక్కలో నిలువకపోవచ్చును గాని, ఈ ఒక్క విషయమున మాత్రము అక్షరాల సరిపోవుచున్నది.

ఇట్టి అగోచరద్రవ్యమును కొలుచు మీటరు మంత్రతంత్రములు లేని సాధనము. లోపల తోలుతిత్తులవంటి పొరలు గలవు. వాయువు ఒక ప్రక్క నిండి వేఱొక ప్రక్కనుండి వెడలుచు వానిని ఆడింపగా, ఆ యూపు పండ్లచక్రములకు సోకి అంకెలు తిరుగును. నల్లని అంకెలు ఘనమీటర్లు, దశాంశబిందువునకు పిదప నున్న ఎఱ్ఱని అంకెలు అందలి భాగములు. రీడింగు తీయువాడు నల్లని అంకెలను వ్రాసికొనిపోవును. మొన్న 1456, నేడు 1482 అయినచో వాడకము 26 ఘనమీటర్లు. దానిని యూనిట్ ధరచే గుణించి, జి.ఎస్.టి. వెలుపల నిలిచియున్న సహజవాయువునకు రాష్ట్రము విధించు వ్యాటును, ఇతరమైన ఛార్జీలేమైన నున్నచో వానిని కలుపగా బిల్లు తేలును. గణితము ఇంతియే. కాని ఆ తీసివేతను తార్కికదృష్టితో చూడుడు. అన్నంభట్టు జ్ఞానమును స్మృతి, అనుభవము అని రెండుగా విభజించి, ప్రత్యక్షాది ప్రమాణములను అనుభవమునకే చెప్పెను గాని స్మృతికి చెప్పలేదు. నేటి రీడింగు అనుభవము, మొన్నటి రీడింగు కాగితమున భద్రమైన స్మృతి. ఋణము అనుభవమునుండి స్మృతిని తీసివేయగా మిగిలిన శేషము. మీటరు ఎంత సత్యసంధమైనను, మొన్నటి అంకె తప్పుగా వ్రాయబడియున్న యెడల శేషము అసత్యమే యగును. అందుచే బిల్లులో పరీక్షింపవలసినది పెద్ద మొత్తమును కాదు, పాత అంకెను.

తలుపు తాళము వేసియున్ననాడు సమస్య మఱింత సూక్ష్మమగును. మీటరు వంటయింటి బాల్కనీలో నున్నది, ఇంట నెవ్వరును లేరు. రీడింగువాడు 'డోర్ లాక్' అని వ్రాసికొని పోవును, పాత వాడకమునుబట్టి యావరేజి బిల్లు వచ్చును, తరువాత నిజమైన రీడింగు దొరకినపుడు హెచ్చుతగ్గులు సరిచేయుదురు. ఇది అనుమానప్రమాణము: ఈ కుటుంబము గతమున నెలకింత మండించెను, కావున ఇప్పుడును అంతే మండించియుండును. అయితే సాధ్యమునకు, అనగా నిరూపింపదలచిన దానికి, విరుద్ధమైన దానిని సాధింపగల వేఱొక హేతువు ఎదుట నిలిచినచో మొదటి హేతువు సత్ప్రతిపక్షమను దోషమునకు లోనగునని తార్కికుల నిర్ణయము. ఇక్కడ ఆ ప్రతిపక్షహేతువు ఎక్కడనో వెదుకవలసిన పని లేదు, తాళమే అది. ఇంటివారు సంక్రాంతికి సొంతయూరు పోయి యుందురేని పొయ్యి వెలుగలేదు. ఊహింపవలసిన అవసరమును కల్పించిన కారణమే ఆ యూహను త్రోసిపుచ్చుచున్నది! అట్లని తాళము నిశ్చయముగ నిప్పు లేమిని చెప్పునా? చెప్పదు. జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలలో దంపతులిరువురును ఉద్యోగము చేయువారైనచో ఉదయము వండి తాళమువేసి వెడలుదురు, రాత్రి మఱల వండుకొందురు. రెండు హేతువులును సమబలములై నిలిచినపుడు తర్కమున నిర్ణయము లేదు, సంశయమే శేషించును. సంశయమును తీర్పగలది ప్రత్యక్ష మొక్కటే, ఆ ప్రత్యక్షము ఆ యింటివారి చేతనే యున్నది. మీటరును ఫోటో తీసి పంపు పద్ధతి వచ్చిన దినములలో, కన్నులున్న గృహస్థుడు దానిని చూడక ఊహకు తావిచ్చుట, తరువాత ఆ యూహ అన్యాయమని దుఃఖించుట, నాకు ధర్మముగా తోచదు. పూర్వపు గృహస్థునకు గార్హపత్యాగ్నిని ఆఱిపోనీక కాపాడుట వ్రతముగా విధించిరి. నేటి నిప్పు మీట త్రిప్పిన క్షణముననే పుట్టి గిట్టునది, దానిని కాపాడవలసిన పని లేదు. దానికి సాక్షిగా నుండుట యను కర్తవ్యము మాత్రము మిగిలియున్నది.

ఇక కొలతను గూర్చి. బిల్లుపై నుండునది స్టాండర్డ్ ఘనమీటరు. అనగా పదునైదు డిగ్రీల ఉష్ణోగ్రతయందు, సముద్రతలపు వాతావరణపీడనమున ఒక ఘనమీటరు స్థలమును నింపు వాయువు. మన ప్రాంతము సముద్రమునకు అయిదువందల మీటర్లకు పైబడిన ఎత్తున నున్నది, ఇక్కడి గాలి పీడనము 950 మిల్లీబార్ల చేరువ. వేసవిలో ముప్పదియైదు డిగ్రీలు సామాన్యము. ఈ రెంటిని లెక్కించినచో, సరిదిద్దు ఏర్పాటు లేని మీటరు అట్టి దినమున చూపు ఒక ఘనమీటరులో స్టాండర్డ్ ఘనమీటరుకంటె సుమారు పదవవంతు తక్కువ వాయువుండును. శీతకాలపు తెల్లవాఱుజామున ఆ లోటు కొంత తగ్గును. ఇది ఎవరి దోషమును కాదు, వాయుధర్మము. కాని ఇట్టి దిద్దుబాటు బిల్లులో జరిగినదా, జరిగినచో ఏ గుణకముతో అని తెలియుట కొన్నవాని హక్కు. బ్రిటనులో కాపురమున్న మన తెలుగువారి గ్యాస్ బిల్లులపై 1.02264 అను గుణకము అచ్చువేయబడి యుండును. ఘనమీటర్లను దానిచే హెచ్చించి, వాయువు ఉష్ణశక్తిచే మఱల హెచ్చించి, 3.6చే భాగించి కిలోవాట్ గంటలుగ మార్చి, అప్పుడు ధర కట్టుదురు. అక్కడ అమ్ముడుపోవునది వేడి, ఇక్కడ పరిమాణము. వంటకు కావలసినది వేడియే కావున మొదటిది న్యాయమునకు చేరువయని నా నిశ్చితాభిప్రాయము. పైగా మన దేశమున సైతము బావియొద్ద వాయువు ధర ఉష్ణమానముననే కట్టబడుచున్నది: 2023 ఏప్రిలు నిర్ణయము ప్రకారము పాతక్షేత్రముల వాయువు ధర భారత ముడిచమురు ధరలో పదవవంతు, కనిష్ఠము మిలియన్ బ్రిటిష్ థర్మల్ యూనిట్లకు 4 డాలర్లు, నాటి గరిష్ఠము 6.5 డాలర్లు. పెద్దబేరము తేజస్సునకును చిల్లరబేరము వాయువునకును జరుగుచుండగా, నడుమ నున్న మార్పిడి లెక్క గృహిణి కంటబడకుండుట తగదు.

కౌటిల్యుడు తూనికలు కొలతలకు పౌతవాధ్యక్షుడను ప్రత్యేకాధికారిని నియమించి, తూనికరాళ్లను నాలుగు నెలలకొకమాఱు పరీక్షించి ముద్రవేయవలెననియు, ముద్రలేనివానిని వాడువానికి దండన విధింపవలెననియు శాసించెను. తూకము కంటికి కనబడు ధాన్యము విషయముననే ఆయన అంతటి జాగ్రత్త వహించెనే, కంటికి కనబడని వాయువు విషయమున ఇంకెంత జాగ్రత్త వలయును? బిల్లు శబ్దప్రమాణము. శబ్దము ప్రమాణమగుటకు పలుకువాడు ఆప్తుడు, అనగా ఉన్నదున్నట్లు చెప్పువాడు, కావలెను. బిల్లు ఆప్తవాక్యమగుటకు రెండు రీడింగులు, వాని తేదులు, అవి చూచి తీసినవో ఊహించినవో, ఏ గుణకము వాడిరో, వాయువు ఉష్ణశక్తి యెంతో స్పష్టముగ చెప్పవలెను. వీనిలో ఏ యొక్కటి మఱుగుపడినను మనకు మిగులునది విశ్వాసమే గాని జ్ఞానము కాదు. అద్దెయిండ్లు విస్తారముగ గల యీ శివారులలో ఇది మఱింత ముఖ్యము, ఏలయన మీటరులోని అంకె ఎన్నడును సున్నకు మఱలదు. నేడు చేరిన కుటుంబము లెక్క నిన్న వెడలినవారి లెక్క ముగిసిన అంకె మీదనే మొదలగును. ఆ సరిహద్దు అంకెను ఖాళీచేయువాడును, ఇంటి యజమానియు, క్రొత్తగా చేరువాడును కలిసి చూచి, తేదీతోగూడ వ్రాసికొని, ముగ్గురును సంతకము చేయవలెను.