రానిచ్చు మాట, అడ్డగించు మాట

చదువవలసిన భాగములు: నిర్గమకాండము 5:1–4, మార్కు 10:13–16



మనము పట్టణమునకు పోయినప్పుడు కొన్ని యిండ్ల గుమ్మములకు ‘టు లెట్’ అను బోర్డు వ్రేలాడుచుండుట చూచుచున్నాము. ఇల్లు అద్దెకిత్తుమని దాని భావము. ఈ ‘లెట్’ అనునది ఇంగ్లీషులో బడిపిల్లలు సహితము ఎరిగిన చిన్న మాట. పోనిచ్చుట, రానిచ్చుట, జరుగనిచ్చుట అని దాని వాడుక అర్థములు. ‘లెట్ అస్’ అని ఆరంభించి సంఘమును ప్రార్థనకు పిలుచుటయు ఈ మాటతోనే. ఆదియందు దేవుడు వెలుగు కలుగవలెనని ఆజ్ఞాపించినచోటను ఇంగ్లీషు బైబిలులో ఈ మాటయే యున్నది.

అయితే పూర్వము దీనికి మరియొక అర్థము కూడ ఉండెను. అది అడ్డగించుట! 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలులో నిర్గమకాండము 5వ అధ్యాయము చూడుడి. 1వ వచనములో మోషే అహరోనులు ఫరో యెదుట నిలిచి, ప్రజలను పోనియ్యవలెనను దేవుని మాట తెలుపుదురు. అక్కడ ‘లెట్’ అని యున్నది. 4వ వచనములో ఫరో వారిని గద్దించి, జనుల పనికి మీరేల అడ్డుపడుచున్నారని అడుగును. అక్కడను ‘లెట్’ అనియే యున్నది. రోమా 1:13లో పౌలు తన ప్రయాణమునకు కలిగిన ఆటంకమును చెప్పినచోటను అదే మాట.

ఇది యెట్లు జరిగెను? ప్రాచీన ఇంగ్లీషులో ఇవి రెండు వేరు మాటలు. ఒకటి విడిచిపెట్టుట, రెండవది ఆలస్యపరచుట. మనము రైలు ‘లేట్’ అనుచున్నామే, ఆ మాటకు ఈ రెండవది బంధువు. కాలక్రమమున రెండును ఒకే పలుకుగా మారెను. అడ్డగించుట అను అర్థము వాడుక తప్పిపోగా, 1881లో వెలువడిన సవరించిన ఇంగ్లీషు క్రొత్త నిబంధనలో రోమా పత్రికయందు వేరు మాట వేసిరి. అయినను గల్ఫు దేశములకు పోవు మన బిడ్డల పాస్‌పోర్టు తెరచి చూచినయెడల, ఈ మనుష్యుని అడ్డంకి లేక పోనియ్యుడని కోరు వాక్యములో ఆ పాత ‘లెట్’ నేటికిని నిలిచియున్నది.

ప్రియులారా, మాటకు రెండు అర్థములుండుట వింత కాదు. ఒకే మనుష్యుడు రెండు పనులు చేయుటయే విచారము. పొలములో మడవ యొద్ద నిలిచిన రైతును తలంచుకొనుడి. అదే పార, అదే మట్టి. తీసిన నీరు పారును, వేసిన క్రింది చేను ఎండును. మార్కు 10వ అధ్యాయములో చిన్నబిడ్డలను అడ్డగించినవారు శత్రువులు కారు. యేసునకు అతి సమీపముగా నుండిన శిష్యులే! అందుచేతనే ఆయన కోపపడెను. దగ్గర నిలిచినవాడే దారి యియ్యగలడు, దారి మూయగలడు.

మన సంగతి యేమి? కోతల దినములలో చేనినుండి తిన్నగా ఆరాధనకు వచ్చిన కూలి సహోదరిని మట్టి బట్టలు చూచి వెనుకకు పంపుచున్నామా? త్రాగుడు మాని యేండ్ల తరువాత గుడి మెట్లెక్కినవాని యెదుట పాత సంగతులు ఎత్తుచున్నామా? చదువుకొనగోరు ఆడపిల్లతో ‘వచ్చే యేడు చూతములే’ అనుచున్నామా? ‘వద్దు’ అనుటయే అడ్డగించుట కాదు, ఆలస్యపరచుటయు అడ్డగించుటయే.

మన తెలుగు మాటను గమనించుడి. రానిచ్చుట, పోనిచ్చుట, కూర్చుండనిచ్చుట అను వాటన్నిటిలోను ‘ఇచ్చుట’ యున్నది. దారి విడుచుట కూడ ఒక కానుకయే. చందాపెట్టెలో వేయుటకు కాసు లేనివాడును ఈ కానుక నియ్యగలడు. వచ్చు ఆదివారము గుడి గుమ్మమునొద్ద ఎవరైనను సంకోచించుచు నిలిచియున్నయెడల, నీవు కొంచెము ప్రక్కకు జరిగి, నీ చాపమీద చోటిమ్ము.

ప్రార్థన: ప్రభువా, మేము నీకు దగ్గరగా నుండియు ఇతరులకు అడ్డుగా నిలిచిన దినములను క్షమించుము. మమ్మును తెరచిన ద్వారములుగా చేయుము. ఆమేన్.