జటాయువు సంతతి

శ్రీరామచంద్రునకు తన తండ్రి దహనసంస్కారమును స్వహస్తములతో చేయు భాగ్యము కలుగలేదు. అరణ్యమున ఆ పుత్రకృత్యమును పితృసఖుడైన జటాయువునకు జరిపెను. కాంచీపుర సమీపమున తిరుప్పుట్కుళి దివ్యదేశమందు విజయరాఘవస్వామిని సేవించిన యాత్రికులకు ఈ వృత్తాంతము క్రొత్త కాదు. స్వామి ఆ పక్షికి ఉత్తమలోకములను అనుగ్రహించిన ఘట్టమును పూర్వాచార్యులు వ్యాఖ్యానించిన తీరు వేరొక వ్యాసమునకు తగినది.

ఆ మహాత్ముని కులము మన కన్నుల యెదుటనే నశింపవచ్చినది. మన దేశమున 1992లో ఉన్న తెల్లవీపు రాబందులలో 2007 నాటికి వెయ్యింటికి ఒకటి చొప్పున మాత్రమే మిగిలినవి. ఇది వేటగాండ్ర పని యని ఎవరైనను తలతురు. కాని విషము గోసంరక్షణ ద్వారముననే వచ్చినది. వినుటకు కష్టమైనను ఇది సత్యము. నొప్పితో బాధపడు ఆవునకు దయతో ఇచ్చిన డైక్లోఫెనాక్ అను ఔషధము, ఆ పశువు మరణించిన పిదప కళేబరమున నిలిచి, దానిని తిన్న రాబందు మూత్రపిండములను చెడగొట్టును. దేహము లోపల సున్నము వంటి పదార్థము పేరుకొని కొలది దినములలో పక్షి మరణించును. 2004లో శాస్త్రజ్ఞులు ఈ కారణమును లోకమునకు వెల్లడించిరి. 2006లో మన ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించెను.

మిగిలినవానిని కాపాడుటకు హర్యానాలోని పింజోరు వద్ద ఆ రాష్ట్ర అటవీశాఖయు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీయు నెలకొల్పిన సంతానోత్పత్తి కేంద్రమునకు జటాయువు పేరే పెట్టిరి. ఎవరికి తోచినదో కాని, ఆ పేరు ఎంతయు సముచితము! రాబందు ఏడాదికి ఒకే గ్రుడ్డు పెట్టును. పిల్ల ఎదిగి తాను గూడు కట్టుటకు సుమారు 5 ఏండ్లు పట్టును. అందుచే తొలి గ్రుడ్డును మెల్లగా తీసి యంత్రమున పొదిగింతురు; అప్పుడు కొన్ని జంటలు మరియొకటి పెట్టును. ఇట్టి ఓర్పుతో పెంచి, 2020లో 8 తెల్లవీపు రాబందులను అచ్చటినుండి ఆకాశమునకు విడిచిరి. మన హైదరాబాదు జంతుప్రదర్శనశాలలోను ఇట్టి కేంద్రము కలదు.

అయితే విడిచిన పక్షి వాలునది మన పశువుల కళేబరములపైననే గదా! కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ అను మందులు సైతము రాబందులకు ప్రాణాంతకములని తేలగా, 2023లో పశువైద్యమున వానిని కూడ నిషేధించిరి. గోశాలలు నడుపు భక్తులు, ఇంట ఆవును పోషించు గృహస్థులు నొప్పికి మెలాక్సికామ్ అను మందునే ఇమ్మని పశువైద్యుని అడుగవలెను. అది ఆవు బాధను తీర్చును, రాబందునకు హాని చేయదు. వేరు మందు వాడిన పశువు మరణించినచో, కళేబరమును బయట వేయక లోతుగా పూడ్చవలెను.