జైల్లో ఉన్న మనిషిని చూడబోయే ముందు



మనకు తెలిసిన మనిషి ఒకరు జైల్లో ఉన్నారు. వెళ్ళి చూడాలా, వద్దా? వెళితే తప్పును వెనకేసుకొచ్చినట్టు అవుతుందా? వెళ్ళకపోతే కష్టంలో వదిలేసినట్టు అవుతుందా? ఇది ఎక్కడో ఎవరికో వచ్చే సందేహం అనుకోకండి. చదువులకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళిన మనవాళ్ళ మధ్య కూడా వచ్చేదే. ఒక రాత్రి ఫోన్ వస్తుంది. ఫలానా అబ్బాయిని పోలీసులు తీసుకెళ్ళారు, కౌంటీ జైల్లో పెట్టారు అని. తెల్లారేసరికి స్నేహితులంతా మౌనం. ఆ మౌనానికి కారణం చాలాసార్లు ద్వేషం కాదు, భయం. నలుగురూ ఏమంటారో, మన పేరు కూడా బయటికొస్తుందేమో అని.

భయం వేసినప్పుడు ముందు చెయ్యవలసింది ఉన్నది ఉన్నట్టు చూడటం. సమ్మా దిట్ఠి అంటే అదే కదా.

కౌంటీ జైలు అంటే ఏమిటి?

అమెరికాలో కౌంటీ అంటే దాదాపు మన జిల్లా లాంటిది. ఆ జైలును ఎక్కువచోట్ల షెరీఫ్ నడుపుతాడు. అందులో ఉండేవాళ్ళలో ఎక్కువమంది విచారణ కోసం ఎదురుచూస్తున్నవాళ్ళే. మిగిలినవాళ్ళు సాధారణంగా ఏడాదిలోపు శిక్షపడినవాళ్ళు. పెద్ద శిక్షలు పడితే రాష్ట్ర కారాగారానికి పంపుతారు. అంటే మీరు చూడబోయే మనిషి మీద ఇప్పటికి ఉన్నది ఆరోపణ మాత్రమే కావచ్చు. బెయిలు కట్టడానికి డబ్బు లేక లోపల ఉండిపోయినవాళ్ళూ ఉంటారు. కోర్టు ఇంకా తీర్పు చెప్పలేదు. మనం ఎందుకు ముందే చెప్పేస్తున్నాం?

సరే, నిజంగా తప్పు చేసి ఉంటే?

అంగుళిమాలుణ్ణి తలచుకోండి. ఆ దారిన వెళ్ళొద్దని పశువుల కాపరులు, రైతులు చెప్పినా బుద్ధ భగవానుడు ఒంటరిగా వెళ్ళాడు. హత్యలు చేసిన మనిషి దగ్గరికి వెళ్ళాడు కానీ హత్యలను ఒప్పుకోలేదు. హింస ఆపమనే చెప్పాడు. తరవాత భిక్షువైన అంగుళిమాలుడు భిక్షకు వెళితే జనం విసిరిన రాళ్ళు తగిలి తల పగిలింది. కర్మఫలం ఇది, ఓర్చుకో అన్నాడు తప్ప నీ తప్పు చెరిగిపోయిందని బుద్ధుడు అనలేదు. మనిషిని వదలకపోవడం వేరు, తప్పును మాఫీ చెయ్యడం వేరు. మొదటిది మన చేతిలో ఉంది. రెండోది మనది కాదు.

వెళ్ళే ముందు

బింబిసార మహారాజును కొడుకు అజాతశత్రువు చెరలో పెట్టినప్పుడు, చూడటానికి రాణికి ఒక్కదానికే అనుమతి ఉండేదని అట్ఠకథలు చెబుతాయి. ఆమె ఒడిలో దాచి అన్నం తీసుకెళ్ళింది. పట్టుబడితే కొప్పులో దాచింది, తరవాత పాదరక్షల్లో దాచింది. ఆమె ప్రేమకు చెయ్యెత్తి మొక్కుదాం. కానీ ఆ పని మీరు చెయ్యకండి! అనుమతి లేని వస్తువు లోపలికి తీసుకెళ్ళడం నేరం. ఇంటి పచ్చడి అయినా, మందుబిళ్ళ అయినా అంతే. ఏదైనా కొనుక్కోవడానికి అతని ఖాతాలో డబ్బు వెయ్యడానికి జైలువాళ్ళ పద్ధతి ఉంటుంది, అలా పంపండి.

ఒక్కో కౌంటీకి ఒక్కో నియమం. అందుకే ముందుగా జైలు వెబ్‌సైటు చూడండి, లేదా ఫోన్ చేసి అడగండి. అతని బుకింగ్ నంబరు రాసుకోండి. సందర్శకుడిగా పేరు నమోదు చేసుకోవాలా, ఏ రోజు, ఎన్ని నిమిషాలు, ఏ గుర్తింపు కార్డు, ఎలాంటి బట్టలు అన్నీ కనుక్కోండి. చాలాచోట్ల అద్దం అవతలి నుంచి ఫోన్‌లో మాట్లాడతారు. కొన్నిచోట్ల వీడియోలోనే ములాఖత్. మీ వీసా సంగతిలో నిజంగా చిక్కు ఉంటే ముందు లాయర్ని అడగండి. అది పిరికితనం కాదు, వివేకం. అతను భారత పౌరుడైతే మన కాన్సులేటుకు తెలియజేయమని కోరే హక్కు అతనికి ఉంది. వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం ఆ హక్కు ఇచ్చింది. ఆ ముక్క అతనికి గుర్తుచెయ్యండి.

ఏం మాట్లాడాలి?

కూర్చోగానే నోటికొచ్చే మాట ఒకటే: "అసలు ఏం జరిగిందిరా?" ఆ ప్రశ్న అడక్కండి. ఆ మాటలు రికార్డు కావచ్చు, రేపు కోర్టులో అతని మీదికే రావచ్చు. కేసు సంగతి లాయరుతోనే మాట్లాడనివ్వండి. మాట నిజం కావాలి, మృదువుగా ఉండాలి, మేలు చెయ్యాలి, సమయానికి తగాలి, మైత్రితో రావాలి అని బుద్ధుడు చెప్పాడు. మన కుతూహలం ఈ అయిదింటిలో ఎక్కడా నిలవదు. తిన్నావా, నిద్ర పడుతోందా, ఎవరికి కబురు చెప్పాలి అని అడగండి. మాటలు లేకపోతే ఊరికే కూర్చోండి. "రేపే వచ్చేస్తావు" అని మీకు తెలియని మాట చెప్పకండి. "మళ్ళీ వస్తాను" అంటే మాత్రం తప్పకుండా వెళ్ళండి.

ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు ఏం చెప్పాలో కూడా అతన్నే అడగండి. వాళ్ళకు అబద్ధం చెప్పకండి. అతని నోటితో చెప్పవలసింది అతన్నే చెప్పనివ్వండి.

అవతల ఇంకొకరున్నారు

అన్నిటికంటే కష్టమైన సందర్భం ఇది. భార్యను కొట్టాడని అతని మీద కేసు ఉందనుకోండి. ఆమె కూడా మన మనిషే. అప్పుడు అతను అద్దం అవతలి నుంచి అడుగుతాడు: "వదినకి ఒక్క మాట చెప్పన్నా, కేసు వదిలేయమను." లేదా తల్లే ఏడుస్తూ అడుగుతుంది. ఆ మాట మోయకండి. ఆమెతో మాట్లాడకూడదని కోర్టు ఉత్తర్వు ఉంటే, ఇంకొకరి ద్వారా కబురు పంపడం కూడా దాన్ని ఉల్లంఘించడమే కావచ్చు. పైగా అక్కడ కేసు నడపాలా వద్దా అన్నది ప్రభుత్వ న్యాయవాది నిర్ణయం, ఆమెది కాదు. మీరు చేసే ఒత్తిడి దెబ్బతిన్న మనిషికి రెండో దెబ్బ అవుతుంది.

కరుణ ఒకవైపే ప్రవహిస్తే అది పక్షపాతం. అతన్ని చూడటానికి వెళ్ళండి, ఆమె యోగక్షేమాలూ అడగండి. ఆమె వద్దంటే దూరంగా ఉండండి. ఇద్దరి దగ్గరా నిలబడి ఎవరి తరఫునా అబద్ధం చెప్పకపోవడమే ఉపేక్ష. ఉపేక్ష అంటే పట్టించుకోకపోవడం కాదు.

1997లో అమెరికాలోని సియాటిల్ దగ్గర కింగ్ కౌంటీకి చెందిన ఒక జైల్లో విపశ్యనా శిబిరం జరిగింది. లోపలివాళ్ళు పది రోజులు మౌనంగా కూర్చుని తమ మనసును తామే చూసుకున్నారు. అంతకుముందే 1975లో జైపూర్‌లో, 1994లో తిహార్‌లో ఖైదీలు అలాగే కూర్చున్నారు. జైలు గోడ మనిషి మారడాన్ని ఆపలేదు. కానీ మారే మనిషికి బయట ఒకరు గుర్తుపెట్టుకున్నారన్న తోడు ఎంతో అవసరం.

కాబట్టి వెళ్ళండి. తీర్పు చెప్పడానికి కాదు, విడిపించడానికీ కాదు. ఇరవై నిమిషాలు ఒక మనిషి ఎదుట మనిషిగా కూర్చోవడానికి. వచ్చాక కాసేపు శ్వాసను గమనించి అతనికీ, అతని వల్ల బాధపడినవారికీ ఒకే మనసుతో మేలు కోరండి.

సర్వ ప్రాణులకూ మంగళం కలుగుగాక.