దయ – ఆమోదము

ధర్మమును, అధర్మమును వేరుపరచుట అంత కష్టము కాదు. రెండు ధర్మములు ఎదురెదురుగా నిలిచినప్పుడే వివేకికి పరీక్ష వచ్చును. దురభ్యాసమును ఖండించుట ధర్మము. పోవుచున్న ప్రాణమును నిలుపుట ధర్మము. తనకు తానే హాని చేసికొనుచు, మానుకొనలేక, రేపు కూడ అదే పని చేయనున్న మానవుని యెడల ఈ రెండింటిలో దేనిని ముందు పాటింపవలెను? ఆస్ట్రేలియా దేశమున ఈ ప్రశ్న పండితుల గోష్ఠిలో గాక, ఒక పాఠశాల ప్రక్కనే తలయెత్తినది.

మెల్బోర్న్ నగరమున రిచ్‌మండ్ అను పేట కలదు. అందులోని విక్టోరియా వీధి పరిసరములు హెరాయిన్ క్రయవిక్రయములకు చాలకాలముగా పేరుమోసినవి. నల్లమందు నుండి తీయబడిన ఈ మత్తుమందు మోతాదు మించినచో ఊపిరిని మందగింపజేయును. కొన్ని నిమిషములలోనే శ్వాస నిలిచిపోవచ్చును. ఆ సమయమున దగ్గర తెలిసిన మనిషి ఉండి, ప్రాణవాయువు అందించి, నలోక్సోన్ అను విరుగుడు మందు ఇచ్చినచో పడిపోయినవాడు చాలవరకు లేచి కూర్చుండును. ఎవరును చూడని సందులో పడినవానికి ఆ అవకాశము లేదు. మందు ఎంత కారణమో, ఒంటరితనము కూడ ఆ మరణమునకు అంత కారణము.

విక్టోరియా రాష్ట్ర శాసనసభ 2017 డిసెంబరులో ఒక చట్టము చేసినది. దాని ప్రకారము 2018 జూన్ 30న నార్త్ రిచ్‌మండ్ సామాజిక ఆరోగ్య కేంద్రమున ఒక గది తెరువబడినది. అచ్చట ఎవరికిని మత్తుమందు ఇయ్యరు. వచ్చినవాడు తాను తెచ్చుకొన్న దానిని శుభ్రమైన సూదితో తానే ఎక్కించుకొనును. నర్సు ఆ సూదిని ముట్టదు. అతని ఊపిరిని కనిపెట్టి యుండును. ఊపిరి తగ్గినచో వెంటనే చికిత్స చేయుదురు. తరువాత అతడు మరియొక గదిలో కూర్చుండును. అచ్చటివారు అతని పుండ్లు, పండ్లు, కాలేయము, నివాసము గూర్చి విచారించి, అలవాటు మానుటకు చికిత్స కోరినచో మార్గము చూపుదురు. 2020లో వెలువడిన నిపుణుల సమీక్ష తక్కువలో తక్కువ 21 మరణములు తప్పినవని అంచనా వేసినది. 2023లో వచ్చిన సమీక్ష ఆ సంఖ్య 63 వరకు ఉండవచ్చునని తెల్పినది. ఆ యేడే ఆ గది శాశ్వతము చేయబడినది.

అయితే ఆ కేంద్రము ప్రక్కనే ఒక ప్రాథమిక పాఠశాల కలదు. బడికి పోవు పసివారు దారిలో మత్తున పడియున్నవారిని చూచుచున్నారని, వాడిన సూదులు కనబడుచున్నవని తల్లిదండ్రులు మొరపెట్టుకొనిరి. వారిని కఠినహృదయులనుట అన్యాయము. బిడ్డను కాచుకొనుట కంటె సహజమైన ధర్మము లేదు. ఈ మొరకు తోడు ఒక తాత్త్వికమైన ఆక్షేపణ కూడ కలదు: చోటిచ్చి, సూదినిచ్చి, ప్రక్కన నిలుచుట ఆ దోషమున పాలుపంచుకొనుట కాదా?

ఈ ఆక్షేపణ సిడ్నీ నగరమున మతపీఠము వరకు పోయినది. 1999లో అచ్చటి ప్రభుత్వము ఇట్టి గదిని నడుపవలసినదిగా సిస్టర్స్ ఆఫ్ ఛారిటీ అను కాథలిక్ సన్యాసినుల సంఘమును కోరగా వారు అంగీకరించిరి. కాని ఆ సంవత్సరమే వాటికన్ వారిని విరమింపజేసినది. పిమ్మట యునైటింగ్ చర్చి ఆ భారమును వహించి 2001 మేలో కింగ్స్ క్రాస్ పేటలో గది తెరచినది. ఒకే ప్రభువును కొలుచువారిలో ఒకరికి పాపసహకారముగా తోచినది, మరియొకరికి సేవగా తోచినది. ఇరువురిలో ఎవరును రోగిని ద్వేషింపలేదు.

పుష్కర సమయమున రేవులందు గజ ఈతగాండ్రను నిలుపుదురు. వారిని చూచి లోతునకు పొమ్మని అనుమతి దొరకినదని ఎవరును తలపరు. ఈ పోలిక కొంతవరకే చెల్లును. స్నానము పుణ్యకార్యము, మత్తు అట్టిది కాదు. కనుక మరింత కఠినమైన దృష్టాంతము గ్రహింపవలెను. ఒకడు త్రాగి నూతిలో పడెను. నిన్నను పడినాడు, రేపును పడవచ్చును. గట్టుపైనున్నవాడు త్రాడు వేయుటకు ముందు ప్రమాణము చేయించుకొనునా? ప్రతిదినము త్రాడు దొరకుటచే వానికి భయము తగ్గునేమో అను శంక నిరాధారము కాదు. కాని బుద్ధి మారుటకు మొదట ఊపిరి కావలెను. మరణించినవానికి పశ్చాత్తాపము లేదు, చికిత్స లేదు, ఇంటికి తిరిగివచ్చు దినము లేదు. ఆమోదము క్రియకు సంబంధించినది, దయ ప్రాణికి సంబంధించినది. ఊపిరి లెక్కించు నర్సు ఆ సూదిని మెచ్చుట లేదు. ఆ మనిషిని విడువకున్నది.

శ్రీవైష్ణవ కుటుంబములకు మర్కట కిశోర, మార్జాల కిశోర న్యాయములు పరిచితములే. కోతిపిల్ల తల్లిని తానే పట్టుకొనును. పిల్లికూనను తల్లియే నోట కరచి తీసికొనిపోవును. పట్టుకొనగల చేతులున్నవానికి మొదటి మార్గము చాలును. వ్యసనము చేతులను సడలించిన వ్యాధి. మొదట పట్టుకొమ్ము, పిమ్మట రక్షింతునని వానితో అనుట, ఆ వ్యాధి హరించిన శక్తినే వానిని అడుగుట యగును.

అంతమాత్రమున బడిపిల్లల తల్లుల ప్రశ్న తీరిపోదు. ఒకరికి చేయు దయ మరియొకరి వాకిట భారముగా పడరాదు. చోటు ఎంచుట, వీధి శుభ్రపరచుట, రక్షకులను నిలుపుట దయలో భాగములే గాని దానికి అడ్డంకులు కావు. కెనడాలోని ఆంటేరియో రాష్ట్రము పాఠశాలలకు 200 మీటర్లలోపు ఇట్టి కేంద్రములుండరాదని 2024లో చట్టము చేసినది. మెల్బోర్న్ నగర మధ్యమున రెండవ గది ఆలోచన ఆ యేడే విరమింపబడినది. పిల్లలకు దూరముగా ఉంచుట న్యాయమే. కాని బ్రదికింపవలసినదే, మా వీధిలో మాత్రము వలదని ప్రతి వీధియు పలికినచో, పడిపోయినవానికి మిగులునది మరల ఆ చీకటి సందే.

భారతదేశమున ఇట్టి గదులు లేవు. అయినను జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమము క్రింద సూది మందుల అలవాటున్నవారికి శుభ్రమైన సూదులు, నల్లమందు జాతి మత్తుకు బదులుగా బుప్రినార్ఫిన్ మాత్రలు ఇయ్యబడుచున్నవి. దాని వెనుకనున్న ధర్మము ఒకటే. ఇక గృహస్థుని ముందున్న ప్రశ్న మరింత దగ్గరిది. పరువు పోవునని త్రాగుబోతు తమ్ముని, మత్తు మరగిన కుమారుని పేరెత్తని ఇండ్లు ఎన్ని లేవు? వాడు తలుపు గడియ వేసికొని చేయు పని ఇంటిల్లపాదికి తెలియును, పలుకరించువారుండరు. తప్పును తప్పని చెప్పుట ఆ ఇంటి పెద్దల హక్కు. చెప్పిన పిమ్మట, రాత్రి ఆ తలుపు తట్టి వాడు ఊపిరి పీల్చుచున్నాడో లేడో చూచుట కూడ వారి విధియే.